చెప్పుకోని విద్యార్థి తట్టుకోలేకపోతున్నట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు ట్యూటర్‌గా ఉన్న క్లాసులో నాలుగైదు దేశాల విద్యార్థులు ఉన్నారు. పరీక్షలు దగ్గరపడితే కొందరు నేరుగా వచ్చి ‘టెన్షన్‌గా ఉంది, గడువు పెంచండి’ అని అడిగేస్తారు. ఇంకొందరు మీరెంత అడిగినా ‘బాగానే ఉన్నాను’ అంటారు. ఆ రెండో రకంలో ఒక అమ్మాయి మూడు వారాలుగా నిద్రలేని మొహంతో వస్తోంది, అసైన్‌మెంట్లు ఆలస్యమవుతున్నాయి, అయినా నోరు విప్పడం లేదు. ఆమె చేత ఎలాగైనా మాట్లాడించాలా, లేక అది వాళ్ల సంస్కృతిలే అని వదిలేయాలా?

రెండూ వద్దని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగ్గానే రాయాల్సి వస్తుంది. విద్యార్థుల కౌన్సెలర్‌గా ఇరవై ఏళ్లు దాటాయి నాకు. మొదట్లో ఇదే విషయంలో నేను చేసిన తప్పు వల్ల ఒక విద్యార్థి నష్టపోయాడు. ముందు ఆ సంగతి చెప్తాను.

రెండో ఏడాది చదివే కుర్రాడు ఒకడు వచ్చాడు. తలనొప్పి తగ్గడం లేదు, చదివింది గుర్తుండడం లేదు అన్నాడు. అప్పటికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, లోపల ఉన్నదంతా బయటికి చెప్పించడం. ‘ఇంట్లోవాళ్ల మీద కోపంగా ఉందా? ఆ మాట వాళ్లతో ఎప్పుడైనా అన్నావా?’ అని అడుగుతూ పోయాను. రెండోసారి వచ్చినప్పుడు, ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పెయ్యమని సలహా ఇచ్చాను. మూడోసారి అతను రాలేదు. ఆ ఏడాది రెండు సబ్జెక్టులు తప్పాడని తర్వాత తెలిసింది. చాలా నెలలకు ఎదురుపడితే మర్యాదగానే మాట్లాడాడు. ‘మీ దగ్గర కూర్చుని లేచిన ప్రతిసారీ మా వాళ్ల గురించి చాడీలు చెప్పి వచ్చినట్టు అనిపించేదండీ’ అన్నాడు. తలనొప్పితో వచ్చినవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టి పంపానన్నమాట. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందనేది అందరికీ ఒకేలా వర్తించే నియమం కాదని నాకు మొదట తెలిసింది అతని వల్లే. పుస్తకాలు ఆ తర్వాత చదివాను.

సంస్కృతి ఒత్తిడిలోకి ఎక్కడ చొరబడుతుందో చూద్దాం. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో ఒక వివరణ ఇచ్చారు. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ దాన్నించే మొదలుపెడతారు. ఏదైనా కష్టం ఎదురైనప్పుడు మనసు రెండు అంచనాలు వేసుకుంటుంది. ఇందులో నాకు పోయేదేమిటి అన్నది మొదటిది. దీనికి నేను చేయగలిగిందేమిటి, నాకు ఎవరున్నారు అన్నది రెండోది. పరీక్ష ప్రశ్నపత్రం అందరికీ ఒకటే కావచ్చు. కానీ ఒక విద్యార్థికి అది తప్పితే పోయేది తన మీద తనకున్న నమ్మకం. పక్కన కూర్చున్న విద్యార్థికి పోయేది తన కోసం అప్పు చేసిన కుటుంబం నలుగురిలో తలెత్తుకునే స్థితి. ఇద్దరికీ గుండె ఒకేలా దడదడలాడుతుంది. అరచేతులకు ఒకేలా చెమటలు పడతాయి. శరీరం చేసే పనిలో తేడా ఉండదు. ఏది పోతుందని భయపడుతున్నారో, ఎవరి దగ్గరికి వెళ్లవచ్చనుకుంటున్నారో అక్కడే తేడా.

ఈ రెండో అంచనా దగ్గర, అంటే ‘నాకు ఎవరున్నారు’ అన్న చోట, కాసేపు ఆగాలి. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

షెల్లీ టేలర్, హీజంగ్ కిమ్, డేవిడ్ షెర్మన్ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఇతరుల సాయం అడగడం యూరప్ మూలాలున్న అమెరికన్లతో పోలిస్తే ఆసియా మూలాలున్నవాళ్లలో, కొరియన్లలో తక్కువగా కనిపించింది. అదొక్కటే అయితే పెద్ద విశేషం లేదు. ఎందుకు అడగరు అని వాళ్లు తరచి చూశారు. సాయం దొరకదనే నిరాశ అసలు కారణంగా తేలలేదు. నా సమస్య చెప్తే వాళ్లకు బరువవుతుంది, వాళ్లు బెంగపెట్టుకుంటారు, మా మధ్య ఉన్న సఖ్యత చెడుతుంది, నా మొహం చిన్నబోతుంది, విషయం ఇంకా పెద్దదవుతుంది అన్నవే ముందుకొచ్చాయి. అంటే బయటికి మౌనంగా కనిపించే ఆ విద్యార్థి లోపల ఊరికే కూర్చోలేదు. తనవాళ్లను కాపాడే పనిలో ఉన్నాడు.

2007లో అదే బృందం ఇంకో అడుగు ముందుకేసింది. విద్యార్థులను ల్యాబ్‌కు పిలిచి, ఒక పెద్ద సంఖ్య నుంచి లెక్క తప్పకుండా తీసివేస్తూ వెనక్కి చెప్పించడం, పరీక్షించేవాళ్ల ముందు ప్రసంగం చేయించడం లాంటి పనులు అప్పగించారు. ఎవరికైనా టెన్షన్ పుట్టించే పనులివి. ఆ పనులకు ముందు కొందరి చేత దగ్గరివాళ్లకు ఉత్తరం రాయించారు, రాబోయే పని గురించి సలహా, ధైర్యం అడుగుతూ. ఇంకొందరి చేత తాము బాగా దగ్గరగా ఉండే బృందం గురించి, అందులో తమకు విలువైనవేమిటో రాయించారు. సమస్య ఊసు ఎత్తనక్కర్లేదు, సాయం అడగనక్కర్లేదు. తర్వాత కార్టిసాల్ అనే హార్మోన్‌ను లాలాజలంలో కొలిచారు. ఒత్తిడిలో శరీరం విడుదల చేసే హార్మోన్ అది. యూరప్ మూలాలవాళ్లకు సాయం అడుగుతూ రాయడం మేలు చేసింది. ఆసియా మూలాలవాళ్లకు మాత్రం తమవాళ్లను తలచుకోవడమే మేలు చేసింది, బాహాటంగా సాయం అడగాల్సి వచ్చినప్పుడు ఒత్తిడి ఎక్కువైంది. ‘మొహమాటపడి చెప్పడం లేదు, కాస్త తోస్తే చెప్తారు, చెప్తే బాగుపడతారు’ అని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఈ ఫలితం చూశాక అలా నమ్మలేకపోయాను. ఆ కుర్రాడికి నేను చేసింది సరిగ్గా ఇదే.

వాళ్లు వాడిన మాటల్ని నేను తెలుగులో ‘అడిగి పొందే ఆసరా’, ‘అడగకుండా ఉండే ఆసరా’ అని చెప్పుకుంటాను. రెండోదాన్ని మీరూ ఎరుగుదురు. ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నా ధైర్యంగా ఉంటుంది. మనవాళ్లు ఉన్నారన్న తెలివిడే ఆసరా. ఇందులో సమస్యను ఎవరి ముందూ పరచాల్సిన పని లేదు, కాబట్టి ఎవరికీ బరువు కాదు.

మాట గురించే ఇంకో చిన్న పరిశోధన ఉంది. హీజంగ్ కిమ్ 2002లో విద్యార్థులకు బొమ్మల పజిల్స్ ఇచ్చి, కొందరిని ఆలోచన పైకి చెప్తూ పరిష్కరించమన్నారు. యూరప్ మూలాలున్న విద్యార్థులకు దానివల్ల ఇబ్బంది రాలేదు. ఆసియా మూలాలున్నవాళ్లకు స్కోరు తగ్గింది. ఆలోచించడమంటే మాట్లాడడమే అని కొన్ని చోట్ల నేర్పుతారు. ఆలోచించేటప్పుడు నిశ్శబ్దంగా ఉండాలని మరికొన్ని చోట్ల నేర్పుతారు. మీ క్లాసులో చర్చలో మాట్లాడనివాళ్ల గురించి కూడా ఇది కాస్త ఆలోచించదగ్గదే.

మనం వాడే పదాలు కూడా తప్పుదారి పట్టిస్తాయి. ఒత్తిడిని ఎదుర్కొనే పద్ధతుల్ని పాఠ్యపుస్తకాలు సమస్యను పరిష్కరించేవి, భావాలను సముదాయించుకునేవి, తప్పించుకునేవి అని విభజిస్తాయి. మొదటిది మంచిది, చివరిది చెడ్డది అన్న అర్థం తెలియకుండానే మనలో పాతుకుపోతుంది. పరిస్థితికి తగ్గట్టు తనను తాను సర్దుకోవడం ఈ పట్టికలో ఎక్కడికి పోతుంది? ఫ్రెడ్ రోత్‌బామ్, జాన్ వైస్, శామ్యూల్ స్నైడర్ 1982లో దీనికి ఒక చోటు చూపించారు. ప్రపంచాన్ని మనకు అనుకూలంగా మార్చుకోవడం ఒక రకం అదుపు, మనల్ని ప్రపంచానికి తగ్గట్టు మార్చుకోవడం కూడా అదుపే అన్నారు. రెండేళ్ల తర్వాత రోత్‌బామ్, వైస్ ఇంకొకరితో కలిసి అమెరికా, జపాన్ జీవితాలను పోల్చి రాస్తూ, అమెరికాలో మొదటిదానికి ఎక్కువ విలువ, జపాన్‌లో రెండోదానికి ఎక్కువ చోటు అని వాదించారు. తెలుగులో ‘సర్దుకుపోవడం’ అనే మాటలో కాస్త ఓటమి వినిపిస్తుంది కానీ ‘నిబ్బరం’ అన్నామంటే వినిపించదు. నేను చూసిన విద్యార్థుల్లో కొందరు చేస్తున్నది నిబ్బరం. మా ఫారాల్లో దాన్ని మేం ‘నిష్క్రియ’ అని రాసుకునేవాళ్లం.

పట్టికను మొదట్నుంచీ వేరేగా తయారుచేస్తే ఏమవుతుందో తైవాన్‌లో చూశారు. పాల్ హెప్నర్ బృందం 2006లో ప్రచురించిన ప్రశ్నావళి కోసం మూడు వేలకు పైగా తైవాన్ కాలేజీ విద్యార్థుల దగ్గర సమాచారం తీసుకున్నారు. వాళ్ల జవాబుల్లోంచి ఐదు గుంపులు తేలాయి. ఉన్నదాన్ని అంగీకరించి, వేరే కోణంలో చూసుకుని, దానితోపాటు పట్టుదలగా పనిచేయడం ఒకే గుంపులో పడింది. అంగీకరించడం, పాటుపడడం ఒకదానికొకటి వ్యతిరేకం అని మనం అనుకుంటాం. వాళ్లకు అవి ఒకే పనిలో రెండు భాగాలు. మిగిలినవి కుటుంబం ఆసరా, దైవభక్తి, తప్పుకుని దూరంగా ఉండడం, ఎవరికీ తెలియని చోట మనసులోది వెళ్లబోసుకోవడం. ఆ చివరిది నాకు బాగా పనికొచ్చింది. మొహం తెలియని వాళ్లతో చెప్పుకోగలరు, తనవాళ్లతో చెప్పుకోలేరు. పేరు అడగని ఫోన్ లైన్లు, చాట్ సేవలు ఇలాంటి విద్యార్థులకు మొదటి మెట్టుగా ఎందుకు నప్పుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక శరీరం సంగతి. నా దగ్గరికి వచ్చిన ఆ కుర్రాడు ‘దిగులుగా ఉంది’ అనలేదు, ‘తలనొప్పి’ అన్నాడు. 1960లో రేమండ్ ప్రిన్స్ అనే మానసిక వైద్యుడు నైజీరియా విద్యార్థుల్లో కనిపించే ఒక బాధను వివరించారు. తల మండుతున్నట్టు, బరువుగా ఉండడం, అక్షరాలు కళ్లకు ఆనకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం. విద్యార్థులే దానికి ‘బ్రెయిన్ ఫ్యాగ్’ అని పేరు పెట్టుకున్నారు, మెదడు అలసిపోయిందని అర్థం. ఆర్థర్ క్లైన్‌మన్ 1980 ప్రాంతంలో చైనాలోని హునాన్‌లో నరాల నీరసం అనే రోగనిర్ధారణ ఉన్న 100 మందిని పరిశీలిస్తే, వాళ్లలో 87 మందికి తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. వాళ్లు మోసం చేయడం లేదు. శరీరం భాషలో చెప్పుకుంటే అక్కడ వింటారు, మనసు భాషలో చెప్తే ముద్ర వేస్తారు. జింబాబ్వేలో షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అనే మాట ఉంది, అతిగా ఆలోచించడం అని. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ మాటకు చోటిచ్చారు. డిక్సన్ చిబాండా అనే వైద్యుడు హరారేలో 2006లో మొదలుపెట్టిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’లో ఈ మాటనే వాడారు. శిక్షణ పొందిన పెద్దావిడలు చెక్క బెంచీ మీద పక్కన కూర్చుని ‘అతిగా ఆలోచిస్తున్నావా’ అన్న దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సమస్యను విడదీసి మాట్లాడతారు. దీని మీద 2016లో ఫలితాలు వెలువడిన పరిశోధనలో 573 మంది పాల్గొన్నారు, బెంచీ దగ్గరికి వెళ్లినవాళ్లలో ఆందోళన, దిగులు గణనీయంగా తగ్గాయి. అది విద్యార్థుల కోసం పెట్టింది కాకపోయినా, నేను అందులోంచి నేర్చుకున్నది పెద్దది. అవతలివాళ్లు ఏ మాటతో వచ్చారో ఆ మాటతోనే మొదలుపెట్టాలి. తలనొప్పితో వచ్చినవాళ్లతో తలనొప్పి గురించే మాట్లాడాలి, నిద్ర గురించి అడగాలి, రోజు ఎలా గడుస్తోందో అడగాలి. మిగతాది దానంతటదే వస్తుంది, రాకపోయినా నిద్ర బాగుపడితే చాలా బాగుపడుతుంది.

ఇప్పటిదాకా చదివి, మౌనం మంచిది, మాట్లాడడం చెడ్డది అని నేనంటున్నానని అనుకోకండి. మాట్లాడుకోవడంలోనూ రకాలున్నాయి. ఒకే బాధను స్నేహితులు ఇద్దరూ రోజూ తిరగదోడుకుంటూ కూర్చుంటే స్నేహం గట్టిపడుతుంది కానీ దిగులూ పెరగవచ్చని అమాండా రోజ్ 2002లో బడిపిల్లల మీద చేసిన పరిశోధనలో చూపించారు. ఒంటరిగా తలపోసుకోవడమూ అంతే, ఎలా తలపోస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ 2010లో రష్యన్లను, అమెరికన్లను పోల్చారు. బాధను తలుచుకుంటూ ఉండడం రష్యన్లలో ఎక్కువే. కానీ దానికి తగినంత దిగులు లక్షణాలు వాళ్లలో లేవు. కారణం, వాళ్లు జరిగినదాన్ని కాస్త దూరంగా నిలబడి, ఇంకొకరిని చూస్తున్నట్టు చూసుకోగలుగుతున్నారు. అప్పటినుంచి నేను విద్యార్థులను ‘నీకేమనిపించింది’ అని అడగడం తగ్గించాను. ‘ఇదే పరిస్థితిలో నీ చెల్లెలు ఉంటే నువ్వేం గమనిస్తావు?’ అని అడుగుతాను. నోరు విప్పనివాళ్లు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్తారు.

దైవభక్తి విషయంలోనూ రెండు ముఖాలున్నాయి. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశారు. దేవుడు నాకు తోడున్నాడు అనుకునే భక్తి ఆసరా ఇస్తుంది. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు అనుకునేది ఒత్తిడిని పెంచుతుంది. విద్యార్థి ప్రార్థన చేసుకుంటానంటే సంతోషించి ఊరుకోకుండా, ప్రార్థించాక మనసు ఎలా ఉంటుందని అడగండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. అడగకుండా ఉండే ఆసరా పనిచేయాలంటే, అడగకుండానే అర్థం చేసుకునే మనుషులు చుట్టూ ఉండాలి. మొహం చూసి ఏదో జరిగిందని పసిగట్టేవాళ్లు, ఏమీ అనకుండానే పని అందుకునేవాళ్లు. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ అమ్మాయి మౌనం ఒంటరి మౌనం కాదు, దానికి అవతలివైపు చదివేవాళ్లు ఉన్నారు. దేశం దాటి వచ్చాక మౌనం ఆమెతోపాటు వచ్చింది, చదివేవాళ్లు రాలేదు. అక్కడ బాగా పనిచేసిన పద్ధతే ఇక్కడ ఆమెను ఒంటరిని చేస్తుంది. అందులో ఆమె తప్పు లేదు, ఆమె సంస్కృతి తప్పూ లేదు. ఈ ఒక్క విషయం ట్యూటర్లకు అర్థమైతే సగం పని అయినట్టే.

దేశం మారినవాళ్ల సర్దుబాటు నేరుగా పైకి పోదని చాలాకాలంగా తెలుసు. 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ అమెరికాలో చదువుకుని వచ్చిన నార్వే విద్యార్థులు, పండితుల మీద పరిశోధన చేస్తే, ఆరు నెలల లోపు, పద్దెనిమిది నెలల పైన ఉన్నవాళ్లకన్నా ఆ మధ్య కాలంలో ఉన్నవాళ్లకే కష్టం ఎక్కువగా కనిపించింది. అందరికీ ఆ లెక్కే పడుతుందని కాదు. కానీ మొదటి నెలలో హుషారుగా ఉన్న విద్యార్థిని చూసి ‘ఈమెకు ఇబ్బంది లేదు’ అని జాబితాలోంచి కొట్టేయకూడదు. దేశం మారినవాళ్ల మీద పరిశోధన చేసిన జాన్ బెర్రీ చెప్పినట్టు కొత్త చోటుతో బంధం పెంచుకుంటూనే తమదైనదాన్ని నిలుపుకునేవాళ్లు మామూలుగా మెరుగ్గా ఉంటారు. రెంటికీ దూరమైనవాళ్లు ఎక్కువ నలుగుతారు. కాబట్టి తన భాషవాళ్లతో కలిసి తిరుగుతోందని విద్యార్థిని తప్పుపట్టకండి.

సంస్కృతిని మరీ నెత్తిన పెట్టుకోవడం కూడా ప్రమాదమే. హెరాల్డ్ స్టీవెన్సన్, జేమ్స్ స్టిగ్లర్ 1992లో రాసినదాని ప్రకారం, తూర్పు ఆసియా తల్లిదండ్రులు, టీచర్లు చదువులో విజయానికి పుట్టుకతో వచ్చే తెలివికన్నా శ్రమ కారణమని ఎక్కువగా నమ్ముతారు. ఇది చాలా మేలుచేసే నమ్మకం, మళ్లీ ప్రయత్నించే బలం ఇస్తుంది. కానీ ఒళ్లు హూనమయ్యేలా చదివి తప్పినవాడికి ఈ నమ్మకం ఏం చెప్తుంది? నువ్వింకా కష్టపడలేదని చెప్తుంది. నిద్ర మానేసి చదవడాన్ని గొప్పగా చెప్పుకునే చోట అలసట గురించి చెప్పుకోవడానికి దారే ఉండదు. అలాగే సొంత కాళ్ల మీద నిలబడాలి, ఎవరి మీదా ఆధారపడకూడదు అని నేర్పే సంస్కృతుల్లో మాటకారి విద్యార్థి కూడా ఓడిపోయానని మాత్రం చెప్పలేడు. పైకి అన్నీ చెప్పేస్తున్నట్టు కనిపించేవాళ్లు అసలుది దాచిపెట్టడం నేను చాలాసార్లు చూశాను. మీ మొదటి రకం విద్యార్థులను కూడా ఒక కంట కనిపెట్టి ఉండండి.

అన్నిటికన్నా భయపెట్టేది ‘బరువు’ అన్న మాట. థామస్ జాయినర్ 2005లో ఆత్మహత్యల గురించి చెప్పిన సిద్ధాంతంలో రెండు భావాలు కీలకం. నేను ఎవరికీ చెందను అనేది ఒకటి, నేను నావాళ్లకు బరువు అనేది రెండోది. ఇందాక చెప్పిన పరిశోధనలో మౌనానికి కారణంగా కనిపించింది కూడా బరువు కాకూడదన్న ప్రేమే. ‘నా సమస్య వాళ్లకు బరువు కాకూడదు’ అన్నంతవరకు అది ప్రేమ. ‘నేనే వాళ్లకు బరువు’ అన్న రోజున అది ప్రాణం మీదికి వచ్చినట్టు. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను చెవి ఒగ్గి వినాలి. రెండోది వినిపిస్తే, లేక తనకిష్టమైన వస్తువులు ఇచ్చేయడం, ఉన్నట్టుండి వీడ్కోలు మాటలు, తిండీ నిద్రా పూర్తిగా చెడడం, గది దాటి రాకపోవడం కనిపిస్తే, అప్పుడు సంస్కృతి గురించి తటపటాయించకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అత్యవసర సేవకు మీరే ఫోన్ చేసి, సాయం అందేదాకా దగ్గరుండండి.

ఒక జాగ్రత్త. పైన చెప్పిన పరిశోధనల్లో చాలావాటిలో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు, ఎక్కువమంది అమెరికాలో ఉన్నవాళ్లు. జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నొరెన్‌జయాన్ 2010లో ఎత్తిచూపిన లోపం ఇదే, ప్రపంచంలో ఒక చిన్న ముక్కను చూసి మనుషులంతా ఇంతే అనేస్తున్నామని. ‘ఆసియా మూలాలవాళ్లు’ అన్న మాటలో ఎన్ని దేశాలు, ఎన్ని భాషలు, ఎన్ని మతాలు! పేరు చూసి, పాస్‌పోర్టు చూసి ఈ విద్యార్థి ఇలా ఉంటుందని తేల్చేయడం నేను చేసిన మొదటి తప్పుకన్నా పెద్ద తప్పు. పరిశోధనలు మనకు ఏం అడగాలో నేర్పుతాయి, జవాబు మాత్రం ఆ విద్యార్థి దగ్గరే ఉంటుంది.

మరి ఆ అమ్మాయి విషయంలో ఏం చేయవచ్చు? ముందు, అడగాల్సిన అవసరం లేకుండా చేయండి. ‘ఎవరికైనా ఇబ్బంది ఉంటే వచ్చి చెప్పండి’ అన్న ప్రకటన అడగడం వచ్చినవాళ్లకే పనికొస్తుంది. దాని బదులు ‘ఈ అసైన్‌మెంట్‌కు రెండు రోజుల అదనపు గడువు ప్రతి ఒక్కరికీ ఉంది, కారణం చెప్పనక్కర్లేదు’ అనండి. మీ చేతిలో ఉన్నంతలో ఇలా చేయవచ్చు. ప్రత్యేకంగా తనకోసం చేశారన్న మొహమాటం ఉండదు. వారానికోసారి నిశ్శబ్దంగా కలిసి కూర్చుని చదువుకునే గంట పెట్టండి. మాట్లాడాలన్న నియమం వద్దు, మీరూ అక్కడే మీ పని చేసుకోండి. నేనిది పదేళ్లుగా చేస్తున్నాను. కౌన్సెలింగ్ గది గడప తొక్కనివాళ్లు అక్కడికి వస్తారు, కొన్ని వారాలకు పుస్తకాలు సర్దుకుంటూ ఒక మాట అంటారు. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూడడం తెలియాలి.

తర్వాత ఆమెతో విడిగా మాట్లాడేటప్పుడు ‘ఏమైంది, చెప్పు’ అని కాకుండా మీరు చూసింది చెప్పండి. ‘మూడు వారాలుగా నువ్వు అలసిపోయినట్టు కనిపిస్తున్నావు. నిద్ర పడుతోందా?’ అనండి. బాగానే ఉన్నానంటే సరే అనండి, వాదించకండి. ‘ఇంటి దగ్గర ఇలా అలసిపోయినప్పుడు ఎవరు ముందు గమనించేవాళ్లు? ఏం చేసేవాళ్లు?’ అని అడగండి. ఆ జవాబులో ఆమెకు అలవాటైన ఆసరా ఎలాంటిదో మీకు తెలుస్తుంది, అందులో ఎంతోకొంత ఇక్కడ సమకూర్చవచ్చేమో చూడవచ్చు. మీతో అన్న మాట ఇంటికి చేరదని, ఆఫీసులో నమోదు కాదని ముందే స్పష్టంగా చెప్పండి, ప్రాణాపాయం ఉంటే తప్ప. చాలామంది నోరు విప్పకపోవడానికి ఈ భయమే కారణం, కానీ ఆ భయం ఉందని కూడా వాళ్లు చెప్పరు.

కౌన్సెలర్ దగ్గరికి పంపాలనిపిస్తే చీటీ చేతికిచ్చి పంపకండి. ‘నిద్ర గురించి, చదువు ప్లాన్ గురించి మాట్లాడడానికి నాకు తెలిసినవాళ్లు ఒకరున్నారు, మొదటిసారి నేనూ తోడు వస్తాను’ అనండి. తోడు వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోండి. ఆమె ‘వద్దులెండి’ అంటే ఈ వారానికి వదిలేసి, వచ్చే వారం అదే గంటకు, అదే గదిలో, మీ పుస్తకాలు వేసుకుని మళ్లీ కూర్చోండి.